పెన్నీ ఉత్తరాలు

ఆంబ్రోస్ హాల్‌స్టెడ్ మెట్లెక్కి పైకి వచ్చేసరికి మనిషి మనిషిలా లేడు. డెబ్భై ఒక్కేళ్ళవాడు, కొత్తగా మార్పించుకున్న మోకాలు, చేతికర్ర, తడిసి ముద్దయిన కోటు. ఉత్తర ఇంగ్లండు బర్న్‌లీలో జూన్ నెల వానకు తడవనివాడంటూ ఎవడూ ఉండడు గానీ, ఈయన ముఖం మీద ఉన్నది ఒట్టి వానే కాదని ఆల్విన్ పిల్లింగ్‌కు చూడగానే తెలిసిపోయింది. గబగబా కుర్చీ లాగి వేసి, టీకి నీళ్ళు పెట్టాడు.

ఆల్విన్ పద్నాలుగేళ్ళు బ్యాంకు కౌంటరు వెనక కూర్చున్నవాడు. ఆ శాఖ కాస్తా మూతపడి, దాని చోట కాఫీ హోటలు వెలిశాక రోడ్డున పడ్డాడు. చేపల వేపుడు కొట్టు మీది రెండు గదుల్లో హెస్టర్ క్రాబ్‌ట్రీ అనే ఆవిడ డిటెక్టివ్ ఆఫీసు నడుపుతోందని విని పనడగడానికి వచ్చాడు. ఆవిడ అతని మాటలు రెండు నిమిషాలు విని, "అబద్ధమాడటం చేతకాని మనిషివి, నాకు పనికొస్తావు," అని తీసేసుకుంది. ఆ రోజునుంచీ ఆవిడ తుమ్మినా అందులో ఏదో తెలివి ఉందని నమ్మే భక్తుడు మన ఆల్విన్.

"చెప్పండి," అంది హెస్టర్. అరవైకి దగ్గరపడ్డ పొట్టి మనిషి. ఎదుట కాగితంలో వేపుడు చేప, బంగాళాదుంప ముక్కలు. వచ్చినవాళ్ళు ఏడుస్తున్నా సరే, తినడం మాత్రం ఆపదు.

"మా అమ్మాయి బతికుందో లేదో కనుక్కోవాలమ్మా," అన్నాడు ఆంబ్రోస్. "బతికే ఉంటే, దాని నోరు నొక్కేసింది నేనేనేమో, అదీ కనుక్కోవాలి."

"నెమ్మదిగా. మొదట్నుంచి చెప్పండి."

"మేం బ్యాంకులు మార్చే బాపతు. నేనూ, మా చర్చి హాల్లో గురువారం క్లబ్బూ. ఒక బ్యాంకు వదిలి తమ దగ్గరికి వస్తే నూట డెబ్భై అయిదు పౌన్లు, ఒక్కోసారి రెండు వందలు చేతిలో పెడతారు కదా. దానికోసం ఉత్త ఖాతాలు కొన్ని తెరిచి పెట్టుకుంటాం. ఎర ఖాతాలంటాం వాటిని. ఏ బ్యాంకు పిలిస్తే దానికి ఒక ఎర పడేస్తాం. బోనస్ పడ్డాక మళ్ళీ ఇంకో బ్యాంకు."

"తెలుసు. మా ఆల్విన్ కూడా రెండుసార్లు వేశాడు ఎర."

ఆల్విన్ చెవులు ఎర్రబడ్డాయి.

"మా లినెట్ కాలేజీ రోజుల్లో ఇద్దరం కలిసే చేసేవాళ్ళం. దాని తల్లి పోయిన కొత్తలు. కొత్త ఖాతా పని చేస్తోందో లేదో చూడటానికి ఒక్క పెన్నీ పంపేవాణ్ణి. వంటింట్లోంచి అది 'వచ్చింది నాన్నా!' అని కేకేసేది. అదే మా ఇంట్లో సందడి." ఆంబ్రోస్ టీ కప్పు పట్టుకున్నాడు గానీ తాగలేదు. "తర్వాత నా బుద్ధి గడ్డి తింది. దాని పేరు మీద కూడా ఏడాదిలో ఆరు ఖాతాలు మార్చాను. అడక్కుండా. దాని ఇంటికి పనికొస్తుందనే చేశాను, ఒట్టు! అది ఇంటి అప్పుకు వెళ్తే వాళ్ళు కాగితాలు చూసి, ఈ పిల్ల ఏడాదిలో ఆరు బ్యాంకులు తిరిగింది, నిలకడ లేదు పొమ్మన్నారు. ఇల్లు పోయింది. దాని వెనకే, కట్టుకోబోయిన కుర్రాడూ వదిలేసి పోయాడు. 'నా పేరు రెండొందలకి అమ్ముకున్నావు నాన్నా' అని ఒక్క మాట అని వెళ్ళిపోయింది. ఆరేళ్ళయింది."

ఆంబ్రోస్ తాగని కప్పు బల్ల మీద పెట్టేశాడు.

"ఏడాది గడిచాక, ఒకటో తారీఖున రోజ్‌గేట్ బ్యాంకులో నా ఖాతాలో ఒక పెన్నీ పడింది. దాని పేరుతో. డబ్బుతో పాటు నాలుగు మాటలు రాసే చోటుంటుందిగా, పద్దెనిమిది అక్షరాలకు మించి పట్టదు. అందులో 'బతికే ఉన్నా' అని రాసింది. అప్పట్నుంచీ ప్రతి నెలా ఒకటిన ఒక పెన్నీ."

జేబులోంచి చిన్న పుస్తకం తీశాడు. పెన్సిలుతో వరసగా ఎత్తి రాసుకున్నాడు. కొత్త ఉద్యోగం. ఇక్కడ మంచు. కుక్కని తెచ్చుకున్నా. కుక్క పోయింది. ఒక్కడివే వండుకుంటున్నావా. ఆల్విన్ రెండో పేజీ తిప్పలేకపోయాడు.

"మీరు జవాబు రాయలేదా?" అంది హెస్టర్.

"ఎక్కడికని రాయను? పేరొక్కటే కనిపిస్తుంది. చిరునామా చెప్పమని బ్యాంకు వాళ్ళ కాళ్ళావేళ్ళా పడ్డాను, చెప్పకూడదన్నారు. అందుకే ఎవరెంత ఆశ చూపినా ఆ ఖాతా జోలికి పోలేదు. అది ఎర కాదు, అసలు ఖాతా, తల్లి ఖాతా అంటాం. దాన్ని ముట్టుకోకూడదని క్లబ్బులో అందరికీ తెలుసు. మార్చిలో ఆసుపత్రిలో ఉండి చూసుకోలేదు. ఏప్రిల్లో పెన్నీ రాలేదు. మేలో రాలేదు. జూన్‌లోనూ లేదు. తీరా బ్యాంకుకెళ్ళి అడిగితే ఖాతాయే లేదు! ఫిబ్రవరిలో కాల్డర్‌మియర్ బ్యాంకుకు మారిపోయిందన్నారు రోజ్‌గేట్ వాళ్ళు. కాల్డర్‌మియర్ వాళ్ళేమో, మార్చి రెండున మీరు మూసెయ్యమన్నారు, మూసేశాం అన్నారు. అప్పుడు నేను ఈ మోకాలితో ఆసుపత్రిలో ఉన్నానమ్మా. మందుల మత్తు. ఫోను చేతిలోనే ఉంది. ఆ మత్తులో నేనే ఏం నొక్కానో..."

"కాల్డర్‌మియర్ వాళ్ళు బోనస్ ఇచ్చారా?"

"మార్చి పదిన ఇవ్వాలి. రెండునే మూసేస్తే ఎవడిస్తాడు?"

హెస్టర్ నమలడం ఆపింది. "అందులో మిగిలిన సొమ్ము?"

"పదకొండు పౌన్ల ఒక పెన్నీ. నా ఇంకో ఖాతాలోకే వచ్చి పడింది."

"ఆల్విన్, కాగితం తీసుకో. మూసేసిన ఖాతా లెక్కల నకలు మన ఆఫీసుకు పోస్టులో పంపమనీ, ఎక్కణ్ణుంచి మూశారో చెప్పమనీ ఈయనతో ఉత్తరం రాయించు." తర్వాత ఆంబ్రోస్ వంక తిరిగి, ఆవిడ గొంతులో అరుదుగా వినిపించే మెత్తదనంతో, "మీరు మత్తులో చేశారని నేననుకోను," అంది.

*

గురువారం మధ్యాహ్నం చర్చి హాల్లో ఎండుద్రాక్ష కేకులు, పెద్ద కెటిల్లో టీ, బల్ల చుట్టూ పదిమంది ముసలివాళ్ళు. ఎవరి ముందు వాళ్ళ ఫోను. క్లబ్బుకు పెద్ద డెస్మండ్ గ్రిమ్‌షా. అందరి తరఫునా ఫారాలు నింపిపెట్టేది ఆయనే. టీ పోసేది నోర్మా ఎంట్‌విజిల్. ఆంబ్రోస్ మీద ఈవిడకు పదేళ్ళుగా మనసుందని హాల్లో కుర్చీలకు కూడా తెలుసు, ఒక్క ఆంబ్రోస్‌కు తప్ప.

"తల్లి ఖాతాను మార్చింది మీరేనా?" అని ఎకాయెకిన అడిగింది హెస్టర్.

డెస్మండ్ నీళ్ళు నమిలాడు. "నేనే. ఎర ఖాతా నంబరు బదులు ఆ నంబరు పడింది. కళ్ళజోడు మార్చిన వారం అది. మంచం మీదున్న మనిషికి చెప్పి గుండాగిపోయేలా చెయ్యడమెందుకని ఊరుకున్నా. తర్వాతేమో చెప్పడానికి మొహం చెల్లలేదు. అయినా ఏ నష్టమూ లేదండీ! మారిన ఖాతాకు ఎవరేం పంపినా దానంతటదే కొత్త ఖాతాకు వస్తుంది. ఆ పిల్ల పెన్నీ కూడా వచ్చి తీరాలి."

"మరి కాల్డర్‌మియర్‌లో మూసేసింది?"

"బోనస్ పడకుండానా?" డెస్మండ్ మండిపడ్డాడు. "ఎనిమిది రోజులు ఆగలేనా? నన్ను ఏమన్నా పడతాను గానీ, ఆ మాట మాత్రం అనకండి!"

"కన్నతల్లినైనా తాకట్టు పెడతాడు గానీ బోనస్ వదలడు ఈయన," అంది నోర్మా. "తల్లీ, ఆ పిల్ల బతికుందంటావా? ఆంబ్రోస్ అన్నం మానేశాడు తెలుసా."

"మార్చి రెండున మీరెక్కడున్నారు?"

"వాళ్ళింటికే వెళ్ళాను, పొద్దున తొమ్మిదిన్నరకి. గొర్రెమాంసం, బంగాళాదుంపలు వేసి వండి పట్టుకెళ్ళాను, వాళ్ళ చెల్లెలు మ్యూరియల్ ఒక్కతే ఉంది కదాని. తలుపు సగం తీసి, గిన్నె లాక్కుని, మళ్ళీ మొహమ్మీదే తలుపేసేసింది. లోపలికి రమ్మని మాట వరసకైనా అనలేదు! నా గిన్నె ఇప్పటికీ తిరిగివ్వలేదు."

బయటకు వచ్చాక ఆల్విన్ ఉత్సాహం ఆపుకోలేకపోయాడు. "మేడం, డెస్మండే! చేసిన పొరపాటు బయటపడకుండా ఖాతానే లేకుండా చేశాడు."

"అలాగైతే తిరిగి రోజ్‌గేట్‌కే మార్చేవాడు. ఎవరికీ తెలిసేది కాదు. పైగా అక్కడా ఒక బోనస్."

"అయితే నోర్మా? కూతురు తిరిగొస్తే తనకి చోటుండదని..."

"నోర్మాకు ఆయన ఇంట్లో చోటు ఇప్పుడూ లేదు, పాపం. ఆలోచించు ఆల్విన్. నూట డెబ్భై అయిదు పౌన్లు ఎనిమిది రోజుల దూరంలో ఉన్నాయి. వదిలేశారు. మిగిలిన పదకొండు పౌన్లు కూడా ఆయనకే పంపేశారు. డబ్బు కోసం చేసిన పని కాదిది. ఆ పదకొండు మీద ఒక పెన్నీ ఉంది చూశావా?"

ఆల్విన్ చూడలేదు. పద్నాలుగేళ్ళు లెక్కలు చూసినవాడు, ఆ ఒక్క పెన్నీ చూడలేదు.

*

ఆంబ్రోస్ ఇల్లు వరసగా కట్టిన రాతి ఇళ్ళలో ఒకటి. కింద వంటిల్లు, ముందు గది. పైన రెండు పడక గదులు. మ్యూరియల్ అరవై ఆరేళ్ళ సన్నటి మనిషి. భర్త పోయాక ఇల్లు అప్పులకింద పోతే, రెండేళ్ళ క్రితం అన్న దగ్గరికి వచ్చి చేరింది. అన్నకు ఇష్టమని ఆ రోజు జావలా జారే పాలపాయసం చేస్తోంది. పక్కన బల్ల మీద, అన్న బ్యాంకు పనులు చూసుకునే టాబ్లెట్ ఉంది. గరిటె వదలకుండానే జవాబులిచ్చింది.

"నాకా పలకా తెలీదు, ఆ మీటలూ తెలీవు. యాభై ఏళ్ళుగా ఒకటే బ్యాంకు నాది. ఈ మార్పిళ్ళు నా ఒంటికి సరిపడవు."

"మీ అన్నయ్య బ్యాంకు రహస్య అంకెలు రాసుకున్న పుస్తకం ఎక్కడుంటుంది?"

"రొట్టెల డబ్బాలో. ఊరందరికీ తెలుసు."

"పెన్నీల సంగతి?"

"ఒకటో తారీఖు వచ్చిందంటే పొద్దున్నుంచీ ఆ పలక ముందే కూర్చుంటాడు. చూసేవాళ్ళకి కడుపు తరుక్కుపోతుంది. ఎందుకొచ్చిన యాతన! అసలు ఆ పిల్ల వస్తే మాత్రం ఎక్కడ పడుకుంటుంది చెప్పండి? ఉన్నవే రెండు గదులు."

హెస్టర్ తలూపి, పైన గది చూస్తానంది. ఒకప్పుడు లినెట్ గది. ఇప్పుడు మ్యూరియల్ మంచం, కుట్టుమిషను, గోడలకు కొత్త పూల కాగితం.

"బాగుంది. ఎప్పుడు అంటించారు?"

"మార్చిలో. పాతది చెమ్మ పట్టింది," అంది మ్యూరియల్ గుమ్మంలోంచే.

వెళ్ళేటప్పుడు ఆవిడ ఇద్దరికీ పాయసం పెట్టింది. హెస్టర్ గిన్నె ఖాళీ చేసింది గానీ, బయటికొచ్చాక వెనక్కి తిరిగి పై గది కిటికీ వంక చూసింది. ఆల్విన్‌కు ఏదో బెంగ పట్టుకుంది.

తొమ్మిదో రోజున బ్యాంకు కవరు వచ్చింది. ఒక్క కాగితం. హెస్టర్ చదివింది, మడిచింది, ఎదుట వేడివేడిగా ఉన్న చేపను పక్కకు జరిపింది. ఆవిడ తిండి వదిలెయ్యడం ఆల్విన్ ఎన్నడూ చూడలేదు.

"ఈసారి నా ఊహ తప్పయితే బాగుండుననుకున్నాను," అంది.

మర్నాడంతా ఓటర్ల జాబితాలు ముందేసుకుని ఫోన్లు చేసింది. పదకొండో ఫోనుకు దొరికింది లినెట్. కెండల్ ఊళ్ళో, ఒక లాండ్రీలో పని చేస్తోంది. హెస్టర్ తలుపేసుకుని ఆమెతో చాలాసేపు మాట్లాడింది.

*

శనివారం మూడు గంటలకు ఆంబ్రోస్ వంటింట్లో అందరూ చేరారు. ఆంబ్రోస్, మ్యూరియల్, డెస్మండ్, నోర్మా. ఆల్విన్ తలుపు దగ్గర నిలబడ్డాడు. ఇంతకుముందు కేసుల్లో ఈ ఘట్టం వచ్చిందంటే అతనికి పండగే. ఇవాళ మాత్రం ఎవరి ముఖం చూడాలో తెలియక బూట్లు చూసుకుంటున్నాడు.

"ముందు ఒక మాట," అంది హెస్టర్. "లినెట్ బతికే ఉంది. బాగానే ఉంది."

ఆంబ్రోస్ రెండు చేతుల్తో ముఖం కప్పుకున్నాడు. నోర్మా ఏడ్చేసింది. డెస్మండ్ అటు తిరిగి ముక్కు చీదుకున్నాడు. ఆంబ్రోస్ తేరుకున్నాక హెస్టరే మళ్ళీ మొదలుపెట్టింది.

"డెస్మండ్ పొరపాటున ఖాతా మార్చారు. అయినా మార్చి ఒకటిన లినెట్ పెన్నీ కొత్త ఖాతాకు చేరింది. మిగిలిన పదకొండు పౌన్ల మీద ఉన్న పెన్నీ అదే. మర్నాడు పొద్దున తొమ్మిదింబావుకి ఖాతా మూసేశారు. ఫోను మీంచి కాదు, ఈ వంటింట్లో ఉన్న పలక మీంచి. బ్యాంకు వాళ్ళ కాగితంలో ఉంది. హాల్‌స్టెడ్ గారూ, మీరు కాదు. ఆ భయం వదిలెయ్యండి."

"మరెవరమ్మా?"

"మీ క్లబ్బులో వాళ్ళెవరూ బోనస్‌కు ఎనిమిది రోజుల ముందు ఖాతా మూయరు. చెయ్యి రాదు. బోనస్ అంటే లెక్కలేని మనిషి, ఈ మార్పిళ్ళు తెలియని మనిషి చేసిన పని ఇది. ఇంకొకటి. ఈ కేసులో మీరూ, నోర్మా కూడా 'ఆ పిల్ల బతికుందా' అని అడిగారు. ఒక్కరు మాత్రం 'ఆ పిల్ల వస్తే ఎక్కడ పడుకుంటుంది' అని అడిగారు. వస్తుందని ఆవిడకెలా తెలిసింది?"

మ్యూరియల్ చేతిలో ఉన్న తుండుగుడ్డ నాలుగు మడతలు వేసింది, విప్పింది, మళ్ళీ మడతలు వేసింది.

హెస్టర్ కాగితం తీసి ఆంబ్రోస్ ముందు పెట్టింది. మార్చి ఒకటి. ఒక పెన్నీ. లినెట్ హాల్‌స్టెడ్. పక్కనే మూడు మాటలు.

నాన్నా, ఇంటికి రానా.

ఆంబ్రోస్ దాన్ని వేలితో తడిమాడు. ఒకసారి కాదు, చాలాసార్లు.

"ఆ పలక టింగుమంది అన్నయ్యా," అంది మ్యూరియల్. "నువ్వు ఆసుపత్రిలో ఉన్నావు, వస్తే చూసి చెప్పమన్నావుగా. చూశాను. చూశాక కాళ్ళ కింద నేల లేదు. మొగుడు పోయాడు, ఇల్లు పోయింది, ఆ గదొక్కటే కదా నాకుంది! ఆ రోజంతా ఈ కుర్చీలోనే కూర్చున్నాను. పొద్దున్నే పుస్తకం తీశాను. నిజంగా మూసెయ్యాలా అని ఆ పలక రెండుసార్లు అడిగింది. రెండుసార్లూ అవునని నొక్కాను. నోర్మా తలుపు కొడితే పోలీసులనుకున్నాను. మూసేస్తే ఆ పెన్నీలు ఆగిపోతాయి, అంతే కదా అనుకున్నాను. అది అక్కడ బాగానే ఉందిగా, ఉండనీ అనుకున్నాను."

"ఆగలేదమ్మా," అంది హెస్టర్. కోపంగా అనలేదు. "మూసేసిన ఖాతాకు పంపిన డబ్బు పంపినవాళ్ళకే తిరిగి వెళ్తుంది. ఈ క్లబ్బులో ఎవర్నడిగినా చెప్పేవారు. ఏప్రిల్ ఒకటిన ఆ పిల్ల పెన్నీ ఆ పిల్లకే వెళ్ళింది. 'ఖాతా మూసివేయబడింది' అని రాసి. ఇంటికి రానా అని అడిగిన నెలకి ఇంటినుంచి వెళ్ళిన జవాబు అది."

"అయ్యో దేవుడా," అంది నోర్మా. మ్యూరియల్ గుడ్లప్పగించి హెస్టర్ వంక చూసింది. ఆ సంగతి ఆవిడకు నిజంగానే తెలియదని ఆల్విన్‌కు ఆ క్షణాన అర్థమైంది. ఆవిడ మీద కోపం తెచ్చుకుందామని ఎంత చూసినా అతనికి చేతకాలేదు.

"మూడున్నరకి మాట్లాడతానంది," అని హెస్టర్ ఫోను కలిపి బల్ల మీద పెట్టింది. డెస్మండ్ లేచి బయటికి నడిచాడు, నోర్మానూ లాక్కుపోయాడు. మ్యూరియల్ మెట్లెక్కి తన గదికి వెళ్ళిపోయింది.

"నాన్నా?"

"తల్లీ..." ఆంబ్రోస్ ఫోను మీదికి వంగాడు.

"నీ గొంతు ముసలిదైపోయింది."

"నేను కాదమ్మా మూసింది. ఆ ఖాతా నేను..."

"తెలుసు నాన్నా. ఆవిడ అంతా చెప్పింది. నమ్మాను కూడా. ఫిబ్రవరి ఆఖర్లో నాకు ఉన్న చోటు పోయింది. వాళ్ళ సోఫా మీదా వీళ్ళ సోఫా మీదా పడుకుంటూ ఒకటో తారీఖు కోసం చూశాను. ఈసారి నా నంబరు కూడా రాసి పంపిన పెన్నీ తిరిగొచ్చింది. నాన్న వద్దన్నాడు, సరే, అనుకున్నాను. నాలుగు రోజులు ఏడ్చి, తర్వాత ఇక్కడ గది వెతుక్కున్నాను."

"అంతా నావల్లే. ఆరేళ్ళనాటిదీ, ఇదీ. ఇప్పుడు రా తల్లీ. ఇవాళే రా. నేనొచ్చి తీసుకొస్తాను."

"ఇప్పుడు నాకు గదుంది నాన్నా. కిటికీకి తెరలు కుట్టుకున్నాను. అప్పుడైతే పరిగెత్తుకొచ్చేదాన్ని. నీ మీద కోపం లేదు, నిజం. ఆదివారాలు ఫోన్ చెయ్యి, నంబరు ఆవిడకిచ్చాను. ఎప్పుడైనా వీలు చూసుకుని, చుట్టపుచూపుగా వచ్చి వెళ్తాలే."

"చుట్టపుచూపుగా," అన్నాడు ఆంబ్రోస్. "సరేనమ్మా. నీకు ఎప్పుడు వీలైతే అప్పుడే."

ఫోను ఆగాక హెస్టర్ నంబరు రాసిన కాగితం ఆయన చెయ్యి కింద పెట్టి, ఆల్విన్‌కు కళ్ళతో సైగ చేసింది. వాళ్ళు గుమ్మం దాకా వచ్చేసరికి మ్యూరియల్ మేడ దిగి వస్తోంది. కోటు వేసుకుంది, చేతిలో పెట్టె.

"ఎక్కడికి?" అన్నాడు ఆంబ్రోస్ కూర్చున్నచోటు నుంచే.

"ఎక్కడికో. నేనుంటే ఆ పిల్ల రాదు అన్నయ్యా."

ఆంబ్రోస్ చాలాసేపు చెల్లెలి వంక చూశాడు. ఆ చూపులో కోపం లేదు, క్షమించడమూ లేదు.

"నువ్వు పోయినా రాదు," అన్నాడు. "గది ఖాళీగానే ఉంటుంది. ఉండు."

మ్యూరియల్ అక్కడే మెట్ల మీద, కోటు విప్పకుండా కూర్చుండిపోయింది. ఆల్విన్ తలుపు దగ్గరగా వేసి, హెస్టర్ వెనక వానలోకి నడిచాడు.